ఒక తలకు ఒక వైపు

రికార్డు బాబాయి సెలూన్లో గోడ గడియారం ఉంది గాని, దాని మాట వినే అలవాటు ఆయనకు లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ దుకాణంలో కాలమానమే వేరు. పెద్ద గ్రామఫోను రికార్డు ఒక వైపు ఇరవై నిమిషాలు పాడుతుంది. ఒక తలకు ఒక వైపు. ముల్లు చివరి పాట దాటి టిక్ టిక్‌మనగానే కత్తెర దానంతటదే ఆగేది. గడ్డం కూడా చేయించుకునేవాళ్లకు రికార్డు తిరగేసేవాడు. ఈ రాజ్యాంగాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ ఉల్లంఘించలేదు.

అలాంటిది, ఒక సోమవారం ప్లేయరులో రికార్డును తిప్పే రబ్బరు బెల్టు తెగింది. బజారులో అడిగితే, అలాంటివి ఇంకా వాడుతున్నారా అని ఆయన్నే ఎదురు అడిగారు. కూతురు జాలిపడి అరచేతిలో పట్టే స్పీకరొకటి తెచ్చిపెట్టింది. లోకంలోని పాటలన్నీ అందులోనే ఉన్నాయట, మార్చే పనే లేదట. నిజమే. ఒక పాట అయ్యీ కాకుండానే ఇంకోటి అందుకునేది.

దాంతోపాటు కత్తెరా అందుకునేది. కుడి చెవి పైన కాస్త, దానికి సరిపోవాలని ఎడమన కాస్త, రెండింటికీ రాజీ కుదరాలని మెడ వెనక కాస్త. ఆ వారం పోస్ట్‌మాన్ టోపీ జారి ముక్కు మీద ఆగింది. శనివారం లెక్కల మాస్టారు అలవాటు ప్రకారం తల అప్పగించి కునుకు తీశారు. కళ్లు తెరిస్తే అద్దంలో ఎవరో కొత్తాయన. మాస్టారు డబ్బులిచ్చి, జేబురుమాలు నెత్తిన కప్పుకుని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

బాబాయి కత్తెరకు నూనె రాసి, గుడ్డలో చుట్టి, దుకాణం మూసేస్తానని కూతురికి చెప్పాడు. "చెయ్యి పోయిందమ్మా. ఇంకా జనం నెత్తిన ప్రయోగాలెందుకు?"

ఆ మాట చెవిన పడి, మర్నాడు మాస్టారు తలకు మఫ్లరు చుట్టుకుని వచ్చారు, పోట్లాటకు కాదు. రాత్రంతా లెక్క కట్టారట.

"నీ చేతికేం కాలేదోయ్. నిన్ను ఆపేవాళ్లు లేరు, అంతే. ఆ స్పీకరుకు చివరంటూ ఉంటేగా?"

కూతురు అక్కడికక్కడే ఫోన్లో వెతికితే బెల్టు దొరికింది, అదీ కొత్తది. ఈ మధ్య కుర్రకారు మళ్లీ రికార్డులు కొంటున్నారని, అందుకే బెల్టులూ తయారవుతున్నాయని చెప్పింది. ఆమె ఆఫీసులోనే నలుగురున్నారు. వాళ్లలో ఇద్దరికి ప్లేయరే లేదు, రికార్డును గోడకు తగిలించుకుంటారు. ఈ నలుగురినీ బాబాయి ఏడాదిగా షోకుగాళ్లని వెక్కిరిస్తూనే ఉన్నాడు. ఇప్పుడు గుడ్డ విప్పి కత్తెర బయటికి తీశాడు.

"చల్లగా ఉండాలమ్మా వాళ్లు. గోడకు తగిలించుకున్నా సరే."

ఆ నలుగురికీ ఏడాదిపాటు కటింగు ఉచితమని కబురు పంపాడు. బెల్టు రాగానే స్పీకరును బయట బెంచీ దగ్గర పెట్టాడు. అక్కడ కూర్చున్నవాళ్ల ఎదురుచూపులకూ చివరంటూ ఉండదు గనక అది సరిగ్గా సరిపోయింది.

నెలన్నరకు మాస్టారి జుట్టు మళ్లీ జుట్టనిపించుకుంది. ఆయన వచ్చి కూర్చుని, ధైర్యంగా కళ్లు మూసుకున్నారు. ఇరవై నిమిషాలకు ముల్లు టిక్ టిక్‌మంది. కత్తెర ఆగింది. బాబాయి రికార్డు మీద పడిన వెంట్రుకలను మెల్లగా ఊదాడు.

"అయింది మాస్టారూ."

మాస్టారు కళ్లు తెరవకుండానే గడ్డం తడుముకున్నారు.

"రెండో వైపు కూడా వెయ్యవోయ్."