పచ్చి సబ్బు

ఇప్పుడు అంగట్లో దొరికే సబ్బు బిళ్ళలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గులాబీ రంగు, మల్లెపూల వాసన, నాలుగు స్నానాలకే అరిగిపోవడం! మా అమ్మ చేసిన ఆముదం సబ్బుకు రంగూ లేదు, చెప్పుకోదగ్గ వాసనా లేదు. అయినా ఆ జిడ్డు వాసన ఒక్కసారి మళ్ళీ ముక్కుకు తగిలితే చాలునని ఇంత ముసలితనంలో కూడా ఏడుపొస్తుంది నాకు.

కోడుమూరు దగ్గర మాకు మూడెకరాల మెట్ట ఉండేది. జొన్న వేసి, గట్ల వెంబడి ఆముదం పెట్టేవాళ్ళం. చలికాలం వచ్చిందంటే పొద్దు పొడవకముందే అమ్మా నేనూ బయటికి పోవాలి. ఆముదం గెలలు కోయాలి, జొన్న మీద పిట్టలను తోలాలి, వాటికి తోడు సబ్బుకు చవుడు మన్ను తేవాలి. వానలు ఆగాక వాగు పక్క నేల మీద చవుడు తెల్లగా పొంగి ఉండేది. పొద్దెక్కితే గాలికి ఎగిరిపోతుందని మంచులోనే పోయి కుండపెంకుతో గీకి గంపకెత్తేవాళ్ళం. నా వేళ్ళు కొంకర్లు పోయేవి.

"చలికి చస్తాండానమ్మా!" అని నేను గొణిగితే, "చచ్చేదానికి ఇంత నోరు యాడిదే?" అని అమ్మ నవ్వేది. తన తలగుడ్డ విప్పి నా చేతులకు చుట్టి, వట్టి చేతులతో తనే గంప నెత్తికెత్తుకునేది.

సబ్బు చేయడం అమ్మ చిన్నప్పుడు మిషన్ బడిలో ఒక దొరసాని దగ్గర నేర్చుకుంది. చవుడు నీళ్ళలో సున్నం కలిపి, తేరిన నీళ్ళు వంచేది. అందులో కోడిగుడ్డు వేస్తే తేలాలి. తేలితే సత్తువ ఉన్నట్టు. అప్పుడు మా ఆముదం కాచి, ఆ నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ కట్టెతో తిప్పేది. గట్టిపడ్డాక దారంతో ముక్కలు కోసి నీడన తడిక మీద ఆరబెట్టేది. నెల రోజులు దాన్ని ఎవరూ ముట్టరాదు. ఆ తరువాత ఒక ముక్కను నాలుక కొసకు ఆనించి చూసేది. చురుక్కున కరిచిందంటే ఇంకా పచ్చిది, బట్టనూ తోలునూ తినేస్తుంది. కరవకపోతే పక్వానికి వచ్చినట్టు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, అంగట్లో బారు సబ్బు కంటికి కనబడలేదు. ఆ ఏడే అమ్మకు దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. ప్రతి ఏడూ దీపావళి దాటగానే సబ్బు చేసి ఉంచేది, క్రిస్మస్‌కు ఆరిపోయేది. ఆ ఏడు మంచం దిగలేకపోయింది.

డిసెంబరు వచ్చాక ఒకరోజు పెట్టె తెరిపించి తన పెళ్ళి చీర తీయించుకుంది. తెల్లటి నేత చీర. ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్ ఆరాధనకే కట్టేది. మడతల దగ్గర పసుపుపచ్చగా మరకలు కట్టింది.

"ఈసారి చర్చికి ఇది కట్టుకొనే పోవాల. తెల్లగా చేసి పెడతావా?" అని అడిగింది. వచ్చే ఏటి మాట ఎత్తలేదు. నాకు అర్థమయింది.

మరుసటి రోజే నేను సబ్బుకు పూనుకున్నాను. నాయన మంచం ఎండలోకి లాగాడు. అమ్మ పడుకొనే చెప్తూంటే నేను తిప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, చెయ్యి నొప్పెట్టి నేను విసుక్కుంటే కూడా వదల్లేదు మహాతల్లి. ముక్కలు బాగా వచ్చాయి. కానీ పండక్కి ఇక పదహైదు రోజులే ఉన్నాయి.

"నెల కావాల. తొందరపడాకు," అంది అమ్మ.

పండక్కి మూడు రోజుల ముందు నన్ను పిలిచింది. "జొరంతో నా నాలుక చచ్చిపోయింది. నువ్వే చూసి చెప్పు, కరుస్తాందా?"

ముక్క తీసి నాలుకకు ఆనించాను. నిప్పు తగిలినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ నా ముఖంలోకే ఆశగా చూస్తోంది. అయ్యో, ఎట్లా చెప్పేది?

"లేదమ్మా, కరవలేదు," అన్నాను.

వాగు దగ్గరికి పోయి చీరకంతా సబ్బు పట్టించి, మరకలు పోవాలని మూటకట్టి చాలాసేపు నానబెట్టాను. తరువాత బండకేసి బాదాను. చీర పాలనురుగులా తెల్లబడింది. విదిలించి ఎండకు పట్టుకున్నాను. మడతల వెంబడి మూడుచోట్ల పోగులు విడిపోయి, నా పిడికిలి దూరేంత చిరుగులు. నా వేళ్ళ చివర్లు కూడా తోలు లేచిపోయి మండుతున్నాయి.

ఇంటికొచ్చి చీర అమ్మ ఒళ్ళో పెట్టి, తల వంచుకుని నిలబడ్డాను. అమ్మ చిరుగులో వేలు పెట్టి చూసింది. తరువాత నా చేతులు తిప్పి చూసింది.

"కరిచింది కదా?"

తలూపాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది! గిన్నెలో మిగిలిన ఆముదం నా వేళ్ళకు ఒక్కొక్కదానికీ రాస్తూ, "పోనీలే బంగారూ. నాకూ తొందరగానే ఉండాది," అంది.

పండగనాడు చిరుగులన్నీ కుచ్చిళ్ళ లోపలికి పోయేట్టు చీర కట్టుకుంది. నాయన బండి కట్టాడు. చర్చిలో ఆడవాళ్ళు చీర ఎంత తెల్లగా ఉందో అని మెచ్చుకుంటే, "మా పిల్ల ఉతికింది," అని అందరికీ చెప్పుకుంది. నేను మాత్రం నేలచూపులు చూస్తూ కూర్చున్నాను.

పది రోజులకే అమ్మ పోయింది. ఆ చీరతోనే పంపించాము.

జొన్న కోతలకు ముందు ఒక ఉదయం తడిక మీద మిగిలిన సబ్బు ముక్కలు కనిపించాయి. నెల దాటింది. చలికి గట్టిపడి, పైన తెల్లటి పొర కట్టాయి. ఒకటి తీసి నాలుక కొసకు ఆనించాను. ఆగాను. ఏమీ కాలేదు.

"కరవలేదమ్మా," అన్నాను పైకే, ఖాళీ మంచం వైపు తిరిగి. ఈసారి నిజమే చెప్పాను.