మంచినీళ్ళ సంగతి అడిగినందుకు

చేపల చెరువులు పెరిగాక మా కొల్లేటి ఊళ్ళో బావులన్నీ పాడయ్యాయి. అప్పట్నుంచీ ఊరంతా ఆటోలో వచ్చే నీళ్ళ టిన్నుల మీదే బతుకుతోంది. నేను టీచరుగా పనిచేసే ప్రాథమిక పాఠశాలలో పిల్లలకూ అవే నీళ్ళు.

ఒక వానాకాలం మా ఆయనకి జ్వరం వచ్చి కళ్ళు పచ్చబడ్డాయి. ఏలూరు ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరుగారు కామెర్లని చెప్పి, "ఏ నీళ్ళు తాగుతున్నారమ్మా?" అని అడిగారు. ఆ వారంలోనే మా ఎదురింటి కోడలు, నిండు గర్భిణి, అదే జబ్బుతో అదే ఆసుపత్రికి వచ్చింది. కోడలు బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

మా ఆయన కోలుకుని ఇంటికొచ్చాక నేను ఆ టిన్నులు నింపే నీళ్ళ ప్లాంటుకి వెళ్ళి, నీళ్ళు పరీక్ష చేయిస్తున్నారా అని ఓనర్ని అడిగాను. ఆయన కుర్చీ వేయించి మరీ మాట్లాడాడు.

"టెస్టింగులన్నీ గవర్నమెంటువారే చేస్తారండీ. రిపోర్టులు ఏలూరులో ఆహార భద్రత ఆఫీసులో ఉంటాయి. మీకెందుకండీ ఈ శ్రమ?"

ఏలూరు ఆఫీసుకి వెళ్ళాను. అవి బయటివాళ్ళకి చూపించరన్నారు. తాగే నన్ను బయటి మనిషిని చేశారు! అక్కడే కూర్చుని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసిచ్చాను. మా ఊరి ప్లాంటు నీళ్ళు ఎప్పుడెప్పుడు పరీక్షించారు, ఫలితాల నకళ్ళు ఇవ్వండి. అంతే.

ఆఫీసు నుంచి జవాబు రాలేదు. ప్లాంటు ఓనరు వచ్చాడు. మా అరుగు మీద కూర్చుని ఫోను తీసి చూపించాడు. అందులో నా దరఖాస్తు ఫొటో. నా చేతిరాత, నా సంతకం, మా ఇంటి నంబరు.

"ఏవండీ టీచరుగారూ, నాతో ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ. ఆడవారు, ఆఫీసుల చుట్టూ ఎందుకండీ తిరగడం? మీవారికి ఒంట్లో బాగోలేదు కూడాను."

నవ్వుతూనే అన్నాడు. ప్రతి మాటకీ అండీ తగిలించాడు. ఎవరైనా కర్ర పట్టుకొచ్చినా నాకంత ఒళ్ళు మండేది కాదు.

మర్నాటి నుంచి మా వీధిలోకి ఆటో రాలేదు. నావల్లే ఆగిందని వీధి వీధంతా నా మీద పడింది. ఎదురింటావిడ, బిడ్డ పోయిన ఆ ఇంటి అత్తగారే, గుమ్మంలోకి వచ్చి అరిచింది.

"మీకు జీతం వస్తుంది, మీరు ఏదైనా తాగుతారు. మా ఇంట్లో పచ్చి ఒంటి పిల్ల ఉందండీ. దానికి ఏ నీళ్ళు పొయ్యమంటారు?"

నాకు కోపం వచ్చింది, కానీ ఆవిడ మీద కాదు. దాహంతో ఉన్నవాళ్ళ చేత నన్ను తిట్టించిన మనిషి మీద, అతని ఫోనులోకి నా కాయితాన్ని పంపిన చెయ్యి మీద. కాలవ నీళ్ళు తెచ్చి, వడకట్టి, కాచి, ఆవిడ గుమ్మంలో ఒక బిందె పెట్టి వచ్చాను. ఆవిడ తీసుకుని తలుపు వేసుకుంది.

చివరికి ఆఫీసు జవాబు వచ్చింది. అది వ్యాపారికి సంబంధించిన రహస్యమట, ఇవ్వడం కుదరదట. తాగే నీళ్ళలో ఏముందో తాగేవాళ్ళకి రహస్యమా? పై అధికారికి అప్పీలు పెట్టాను. విచారణకి పిలిస్తే వెళ్ళి, ఎదురింటి కోడలి సంగతి, మా ఆయన సంగతి చెప్పాను. నా గొంతు బాగా పెరిగిందట, గుమస్తా లోపలికి తొంగిచూశాడు.

"కొంచెం నెమ్మదిగా మాట్లాడండమ్మా," అన్నాడు అధికారి.

"నెమ్మదిగా అడిగితే మీరు జవాబే ఇవ్వలేదండీ," అన్నాను.

ఆయన కాసేపు ఫైలు తిప్పి, పక్కన నిలబడ్డ ఉద్యోగితో అన్నాడు. "ప్రాణాల సంగతి. ఇందులో రహస్యమేం లేదు. ఆ రిపోర్టులు తెండి."

ఆ ఉద్యోగి కదల్లేదు. "లేవు సార్."

"ఏమయ్యాయి?"

"అసలు శాంపిలే తియ్యలేదు సార్."

లేని రిపోర్టుల్ని రహస్యమన్నారు. వాటిని అడిగినందుకు నన్ను బెదిరించారు, వీధివాళ్ళతో తిట్టించారు. అంతకాలం మా బడిపిల్లలు ఎవరూ ఒక్కసారైనా పరీక్షించని నీళ్ళు తాగారు.

పరీక్ష చెయ్యలేదని రాతమూలకంగా ఇప్పించుకుని, నకళ్ళు తీయించి వీధిలో ఇంటింటికీ ఇచ్చాను. ఎదురింటావిడకి చదువు రాదు. ఆవిడ కోడలే చదివి వినిపించింది. తర్వాత అధికారులు ఊరంతా చూస్తుండగా శాంపిలు తీశారు. ఆ నీళ్ళు తాగడానికి పనికిరావని తేలింది. ప్లాంటు మూసేశారు. కొన్నాళ్ళకి కొత్త బోర్డు, కొత్త రంగుతో అదే షెడ్డులో మళ్ళీ తెరిచారు. బోర్డు మీద ఓనరు బావమరిది పేరు.

"ఇంక వదిలెయ్యవే," అన్నారు మా ఆయన. వదల్లేదు. ఏలూరు వినియోగదారుల కమిషన్‌లో ఓనరు మీద ఫిర్యాదు చేశాం, నేనూ ఎదురింటి అత్తాకోడళ్ళూ. మొదటి వాయిదాలోనే అవతలి లాయరు లేచి, టిన్ను కొన్నట్టు బిల్లు ఏదీ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఎదురింటావిడ లేచింది.

"మా ఊళ్ళో టిన్నుకి బిల్లు ఇచ్చేదెవరండీ? ఆటో మా గుమ్మంలో ఆగేదో లేదో ఊరినడగండి. కావాలంటే మీ ఓనర్నే ఇక్కడ ప్రమాణం చేసి చెప్పమనండి."

లాయరు కూర్చున్నాడు. ఫిర్యాదు విచారణకి తీసుకున్నారు. వాయిదాలు నడుస్తున్నాయి. ప్రతి వాయిదాకీ అవతలివాళ్ళు గడువు అడుగుతున్నారు, ప్రతి వాయిదాకీ మేం ముగ్గురం పొద్దున్నే బస్సెక్కుతున్నాం.