సున్నం చుక్క పెట్టిన చెట్లు

మా కళాశాల ప్రకృతి మండలి పాత సభ్యులందరినీ చేర్చి ఎవరో వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టారు. మొన్న ఉదయం అందులో ఒక పెద్దమనిషి, చదువురాని కూలీలు మన పిట్టల చెట్లను నరికేసిన సంగతి గుర్తుందా అని రాయగానే వరుసగా నవ్వు బొమ్మలు వచ్చిపడ్డాయి. ఆ కూలీలకు మేస్త్రీ మా నాన్న. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు గనుక వారు నవ్వగలిగారు. ఈ వయసులోనైనా చెప్పకపోతే నా కోపానికి అర్థం ఉండదు.

నూజివీడులో డిగ్రీ చదివే రోజుల్లో, ఫాల్గుణమాసం ఆదివారాలు వస్తే చాలు, వృక్షశాస్త్రం మాస్టారి వెంట ఆగిరిపల్లి వైపు తోటలకు వెళ్లేవాళ్లం. మామిడి వరుసల మధ్య నేలనంటి పూసిన నీలి విష్ణుక్రాంతాలను, గట్ల మీద ఆకు లేకుండా ఎర్రబారిన మోదుగలను చూస్తూ, తొర్రల దగ్గర వడ్రంగిపిట్టల కోసం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. మా ఇంట్లో కళాశాల మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. దస్తూరి బాగుందని నన్ను మండలికి కార్యదర్శిని చేశారు.

ఒక ఆదివారం మాస్టారు, గూళ్లున్న చెట్లను మరుసటి వారం సులువుగా గుర్తుపట్టేందుకు మొదళ్ల మీద సున్నం చుక్కలు పెట్టమన్నారు. పూత రాని ముసలి చెట్లను కొట్టించదలచినప్పుడు ఆ తోటల్లో పెట్టే గుర్తు సరిగ్గా అదే. ఆ సంగతి విన్నవించాను.

"గుర్తు మనది, అర్థమూ మనదే. పెట్టవయ్యా!" అన్నారు మాస్టారు.

పెట్టాను. వారం తిరిగి వెళ్లేసరికి ఏడు చెట్లు నేలకొరిగి ఉన్నాయి. విరిగిన తొర్రలో ఈకలైనా రాని పిల్లలు చచ్చి ఉన్నాయి. గొడ్డలి పక్కన పెట్టి లేచి నిలబడినవారు నాన్న.

"కొట్టమని గుర్తెట్టారు, కొట్టామండీ. మళ్లీ మమ్మల్నంటారేంటండీ?" అన్నారు.

"చదువు లేకపోతే ఇంతే!" అని మాస్టారు మండిపడ్డారు. నాన్న ఒక్కసారి నావైపు చూసి, నేనెవరో తెలియనట్టు తల తిప్పుకున్నారు. తోటి విద్యార్థుల ముందు నాకు చిన్నతనం కాకూడదని ఆయన అలా చేశారు.

కూలీల అజ్ఞానం వల్ల ఈ నష్టం జరిగిందని మాస్టారు చెప్పగా నేనే నివేదిక రాశాను, నేనే సంతకం చేశాను. అది కళాశాల పత్రికలో అచ్చయింది. ఇంట్లో చెల్లి ఉత్సాహంగా చదివి వినిపిస్తుంటే, నాన్న చివరిదాకా విని, కింద ఎవరి పేరుందమ్మా అని మాత్రం అడిగారు. చెల్లి నా పేరు చదివింది.

ఇప్పుడు ఆ తోటల్లో గడ్డిమందు కొట్టిన నేల మీద ఒక్క పువ్వూ కనబడదు. పువ్వు పేరు కావాలంటే పిల్లలు ఫోనులో చూసి చెబుతారు. మా వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు, నేను తాపీగా చదివి, అర్థం చెప్పి పంపుతాను. నాన్న మాత్రం, పోయేదాకా, ఆసుపత్రి చీటీ సైతం ఎదురింటివారి చేత చదివించుకున్నారు.