సంతకం వద్దన్నది నేనే

నేను మూడో తరగతి దాకానే చదివాను. అది కూడా బాపు పంతం పట్టి చెప్పించిన చదువు. ఏం రాసి ఉందో తెలియని కాగితం మీద వేలిముద్ర వేసి, జైనూరు దిక్కున ఉన్న రెండెకరాల చేను పోగొట్టుకున్న మనిషి ఆయన. "తెల్వని కాయితం మీద చెయ్యి పెట్టకు బిడ్డా" అని పోయేదాకా చెప్పాడు. ఆ మాట మీదే సంసారం నడిపాను. చిట్టీల వాణ్ణయినా, ఇన్సూరెన్స్ వాణ్ణయినా గడప బయటే నిలబెట్టి పంపాను.

నా ఇంటాయన నూలు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు చేశాడు. చివరి పద్నాలుగు నెలలు జీతమే లేదు. "ఇయ్యాల గాకుంటే రేపిస్తరు" అంటూ డ్యూటీకి పోయేవాడు. నేను పప్పులో నీళ్లు పెంచాను. ఒకరోజు గేటుకు తాళం పడింది. మిల్లు దివాలా తీసిందని, కోర్టు ఒక ఆఫీసరును పెట్టిందని గోడకు నోటీసు అంటించారు.

యూనియన్ నాయకుడు ఇంటింటికీ ఫారాలు పంచాడు. "అత్తమ్మా, మిల్లు అమ్మితే వచ్చే పైసల్ల మన పాత జీతాలకు హక్కున్నది, బ్యాంకోళ్లతోటి సమానంగ. గాని గడువులోపట ఫారం ఇయ్యాలె" అన్నాడు.

కూడబలుక్కుని చదివాను. మూత, బకాయి, సంతకం. అంతవరకే అర్థమైంది.

"దస్కతు పెడితే కొలువు ఇడిసిపెట్టినట్టే. రేపు మిల్లు తెరిస్తే నిన్ను లోపటికి రానియ్యరు" అన్నాను.

"అందరు పెడుతుండ్రు గదనే?" అన్నాడాయన.

"అందరి ఇండ్లల్ల నేను లేను గద, చెప్పేతందుకు."

పక్క క్వార్టరులో ఉండేది ఆయన షిఫ్టులోనే చేసిన సాయిబు కుటుంబం. ఆ ఇంటామె గోడ మీది నుంచి నవ్వింది. "జర సోచాయించు అక్కా. మా ఆయన పెట్టిండు. కాయితాన్ని సూసి పామును సూసినట్టు బెదురుతవేంది?"

"నీకేం, మీ దస్కతు అగ్గువ, ఎవ్వలడిగినా పెడ్తరు" అన్నాను.

ఫారం మడిచి రేకు డబ్బాలో పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్ల జీతం చీటీలు ఒక్కటి పోకుండా అందులోనే దాచాను.

మిల్లు తెరవలేదు. అమ్మేశారు. రెండేళ్లకు పక్కింటివాళ్ల ఖాతాలో డబ్బు పడింది. రావలసినదాంట్లో సగం కూడా కాదు, అయినా పడింది. ఆమె మాకు సేమియా తెచ్చిచ్చి, ఆ ఫారం ఊసెత్తకుండా వెళ్లింది.

డబ్బా చంకన పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కాను. ఆ ఆఫీసరు దగ్గరి గుమాస్తా చీటీలన్నీ తిరగేశాడు.

"ఇంత పక్కాగ ఎవ్వలు దాయలేదమ్మా. ఫారం ఇచ్చుంటే ఏ అడ్డం లేకుండె. గడువు పాయె, పంచుడు గూడ అయిపాయె."

"దస్కతు పెడితే కొలువు పోదా?"

"కొలువు యాడున్నదమ్మా పోయేతందుకు? నీ పైసలు నువ్వు అడిగినట్టు, గంతే."

ఇప్పుడు మిల్లు కొన్నవాళ్ల దగ్గరే ఆయన కూలీ. తాను నడిపిన యంత్రాలను ముక్కలు చేస్తుంటే, దూది దుమ్ము పట్టిన ఛాతీతో ఆయాసపడుతూ లారీలకు ఎత్తుతున్నాడు. నన్ను ఒక్కసారి తిట్టినా బాగుండేది. తిట్టడు.

మొన్న కూలి ఇచ్చేవాళ్లు ఏదో కాగితం ఇచ్చి సంతకం పెట్టుకు రమ్మన్నారట. నా ముందు పరిచి, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమంటవే? పెట్టన్నా, వద్దా?"

అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. కాగితాన్ని మళ్లీ ఆయన వైపే జరిపాను. ఆయన సంతకం పెట్టకుండా దాన్ని అట్లాగే మడిచి జేబులో పెట్టుకున్నాడు.