గుళికలకు మామిడి వాసన

2022 వేసవి. బనగానపల్లె పక్కన మామిడికాయలు ఏరి, పెట్టెలకెత్తి, లారీలకెక్కించే షెడ్డులో నా పని. చదివింది మూడో తరగతే గానీ కాయ చేత్తో పట్టుకుంటే చాలు, ఎన్ని రోజుల్లో మాగుతుందో చెప్పగలను.

ఆ రోజు సాయంత్రం రైతు ఓబులేసు కాయలు ఢిల్లీకి బయల్దేరాలి. కిందటేడు పంపినవి దారిలోనే మాగి, పెట్టెలు విప్పేసరికి గుజ్జయిపోయాయి. ఈసారి లోడు దించుతూనే చెప్పేశాడు.

"మాబమ్మా, ఇదీ అట్లే అయితే చెట్లకు రంపం పెడతా. మా నాయన నాటినవే. అయినా ఇంగ నాకు ఓపిక లేదు."

"ఆ మాట నోట్లో నుంచి రానీకప్పా. ఈసారి నీ కాయకు కాపలా ఉండాది" అన్నాను.

కాపలా అంటే సునీత మేడం తెచ్చిన జియోలైట్ గుళికలు. ఆమె కాలేజీలో పరిశోధన చేస్తుంది. మాగే పండు ఇథిలీన్ అనే గ్యాసు వదులుతుంది. ఒక్క పండు వదిలితే చాలు, పక్క కాయలన్నీ దాన్ని అందుకుని మాగడం మొదలుపెడతాయి. సగ్గుబియ్యమంత ఉండే ఆ తెల్లటి గుళికల నిండా కంటికి ఆనని బొక్కలట. ఆ బొక్కల గోడలకు ఇథిలీన్ అంటుకుంటుంది, మిగతా గాలి తన దారిన పోతుంది. దీన్ని అడ్జార్ప్షన్ అంటారు. గుడ్డ నీళ్లు పీల్చినట్టు కాదు, గోడకు బల్లి అతుక్కున్నట్టు అని మేడం చెప్పింది. గాలిలో తేమకు చెడని గుళికలు చేయడానికి ఆమెకు మూడేళ్లు పట్టిందట. ఆ ఓపికకు దండం పెట్టాలనిపించింది.

వారం ముందే గుళికల పొట్లాలు నా చేతికిచ్చి, "చల్లగా ఉండే చోట పెట్టక్కా" అంది. మే నెలలో మా షెడ్డులో చల్లటి చోటు ఒక్కటే, ఏసీ ఉన్న మాగబెట్టే గది. అందులోనే పెట్టాను.

ఓబులేసు లోడు దించిన ఆ పొద్దున పొట్లం తీయగానే మాగిన పండు వాసన గుప్పుమంది. ఆ గదిలో కాయలు మాగడానికి మేమే ఇథిలీన్ వదులుతాం. పండ్ల వాసనతో పాటు వారం రోజులుగా గుళికలు కడుపు నిండా అదే తిన్నాయి. ఇక దారిలో ఏం పట్టుకుంటాయి?

చూడ్డానికి మాత్రం తెల్లగా అట్లే ఉన్నాయి. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఓబులేసు రంపం మాట చెవిలో గింగురుమంటోంది. లోడు చూడటానికి వచ్చిన మేడంకు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె పొట్లం వాసన చూసి నుదురు కొట్టుకుంది. "తప్పు నాదేలే అక్కా. యాడ పెట్టాలో చెప్పినా గానీ, యాడ పెట్టగూడదో చెప్పలా. వేడి చేస్తే అంటుకున్నదంతా ఊడొస్తాది. మా ల్యాబేమో కడపలో ఉండాది. పోయొచ్చేలోపు లారీ ఎల్లిపోతాది."

"ఎంత వేడి కావాలమ్మా?"

"బ్రెడ్డు కాలేంత."

"దానికి కడప ఎందుకు? మా మరిది బేకరీ ఈ సందు చివరే ఉండాది!"

మరిది ఖాజా ట్రేలలో పోసిన గుళికలు చూసి పకపకా నవ్వాడు. "ఏం వదినా, సగ్గుబియ్యంతో బిస్కెట్లు చేస్తాండావా?"

"నీ పెండ్లికి లడ్లు. ముందు ఓవెన్ వెలిగించు."

కాసేపటికి బేకరీ అంతా మామిడి వాసన. బన్ను కోసం వచ్చిన ముసలాయన, "మామిడి కేకు దాచిపెట్టి లేదంటావేమప్పా?" అని ఖాజాతో జగడానికి దిగాడు. మేడం మాత్రం వాసన పూర్తిగా పోయేదాకా ట్రేలు దించనీయలేదు. తర్వాత గుళికలను స్టీలు డబ్బాల్లో పోసి, గాలి తగలకుండా మూత బిగించి చల్లార్చింది. సాయంత్రం మళ్లీ పొట్లాలు కట్టి, పెట్టెకొకటి పెట్టి లారీని పంపాం.

నాలుగు రోజులు ఓబులేసు షెడ్డు గడప వదల్లేదు. అయిదో రోజు ఫోను చెవిన పెట్టుకునే గట్టిగా అరిచాడు.

"కాయ రాయి మాదిరి ఉండాదంట మాబమ్మా! ఒగటి గూడా మెత్తబడలేదంట!"

"మరి రంపం సంగతేందప్పా?"

"ఎండుకొమ్మలు శానా ఉండాయిలే, వాటికి పనికొస్తాది."

ఇప్పుడు ఎవరైనా ఏదైనా దాచమని ఇస్తే, దేని పక్కన పెట్టకూడదో కూడా అడుగుతాను. గుళిక నిండినా, ఖాళీగా ఉన్నా రంగు ఒకటే. అందుకే కొత్త పొట్లం వచ్చిందంటే చాలు, ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను.