గుండీలక్క మీద ఓటు

గుండీలక్క అసలు పేరు ఆ ఆన్‌లైన్ కుట్టుపని గుంపులో ఎవరికీ తెలియదు. చొక్కా గుండీ ఊడిపోకుండా ఎలా కుట్టాలని ఎప్పుడో ఎవరో అడిగితే, చదివేవాళ్ళకు ఆయాసం వచ్చేంత పొడుగు జవాబు రాసింది. అప్పటినుంచి ఆ పేరే ఖాయమైంది. బయట ఆమె దర్జీ. బేకరీకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గది, కిటికీ పక్కన మిషను, మిషను పక్కన స్టూలు మీద ఫోను. కాళ్ళు మిషను మీద, కళ్ళు ఫోను మీద.

ఆ గుంపుకు ఆమె అడ్మిన్. జీతం లేదు, సెలవు లేదు, చివాట్లు మాత్రం కావలసినన్ని. వేలమంది పెట్టే ఫొటోలు చూడాలి, పోట్లాటలు తీర్చాలి, బట్టతల మందుల ప్రకటనలు పెట్టేవాళ్ళను తరిమేయాలి. ఆమె భర్త బస్సు డ్రైవరు. "ఊరందరి గోలా నీకే కావాలి" అని సణుగుతాడు కానీ, ఎవరైనా తొలిసారి గౌను కుట్టి ఫొటో పెడితే తనకూ చూపించమంటాడు. ఆమెకు ఆ పని ప్రాణం. దాచడం దేనికి, ఆ పదవి కూడా ప్రాణమే. అడ్మిన్ల పేరు పక్కన చిన్న ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. అది చూసుకుంటే ఆమెకు కడుపు నిండేది.

గుంపులో ఒక కట్టుబాటు ఉంది. బట్ట కత్తిరించే నమూనా ఏది పెట్టినా, పక్కన టేపు పరిచి ఫొటో తీయాలి. లేకపోతే కొలత తెలియక చూసినవాళ్ళు గుడ్డ పాడుచేసుకుంటారు. టేపు లేని ఫొటోను అడ్మిన్లు తీసేస్తారు. కట్టుబాటు మంచిదే. అయితే ఏళ్ళ తరబడి చూసి చూసి గుండీలక్కకు చెయ్యి తిరిగిపోయింది. కింద రాసిన రాత చదవడం మానేసింది. టేపు కనబడకపోతే తీసెయ్యడమే. చెయ్యి తిరగడం వేరు, కళ్ళు మూసుకుపోవడం వేరు. ఆ తేడా ఎవరికి వాళ్ళకు తెలిసి చావదు.

ఒకరోజు గుంపులో 'నర్సు' అని పేరు పెట్టుకున్న సభ్యురాలు చొక్కా నమూనా పెట్టింది. పక్కన టేపుకు బదులు ముళ్ళు వేసిన దారం. గుండీలక్క తీసేసింది. నర్సు మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసేసింది. ఇంకోసారి పెట్టేసరికి ఒళ్ళు మండి, ఆమెను గుంపులోంచే గెంటేసింది. ఫొటో కింద నర్సు రాసింది ఇదీ: "మంచాన ఉన్న మా నాన్న కోసం, వీపు వైపు తెరుచుకునే చొక్కా. కదిలిస్తే ఆయనకి నొప్పి. టేపు పట్టే వీల్లేక నడుం కింద నుంచి మెల్లగా దారం లాగి ముళ్ళు వేశాను. ఏ ముడి ఎన్ని అంగుళాలో కింద ఇచ్చాను." అన్నీ ఉన్నాయి. చదివితే కదా.

మంచాన పడ్డవాళ్ళు చాలా ఇళ్ళల్లో ఉంటారు. ఆ చొక్కా కోసం మళ్ళీ వచ్చినవాళ్ళు "ఇక్కడే ఉండాలే, ఏదీ?" అని అడగసాగారు. సంగతి బయటపడింది. గుండీలక్క నర్సును వెనక్కి తీసుకుంది, అందరి ముందూ తప్పు ఒప్పుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అప్పటికే కొందరు ఆమెను పదవిలోంచి దింపాలని రీకాల్ పేజీ తెరిచారు.

ఆ రీకాల్ కథ కూడా చెప్పాలి. గుంపు మొదలుపెట్టినాయన ఒకప్పుడు తనకు నచ్చనివాళ్ళందరినీ పంపించేస్తుంటే, దింపే దారి లేక జనం గింజుకున్నారు. చివరికి ఆయనే అలిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ అలా జరగకూడదని నియమం రాసింది గుండీలక్కే. పాతికమంది అడిగితే ఏ అడ్మినయినా మళ్ళీ ఓటుకు నిలబడాలి, సగానికి పైగా ఉండమంటేనే ఉండాలి. "మనం అద్దెకున్నవాళ్ళం, ఇల్లు సభ్యులది" అని అప్పట్లో అందరితో వాదించింది. ఇప్పుడు ఆ పాతికమందీ ఆమెనే అడిగారు.

"బటన్ నీ చేతిలోనే ఉందిగా, ఆ పేజీ తీసి పారెయ్" అన్నాడు భర్త, అన్నం ముందు కూర్చుని.

"తీసెయ్యొచ్చు."

"మరింకేం?"

"తీసేస్తే ఆ వెళ్ళిపోయినాయనకీ నాకూ తేడా ఏముంది?"

"ఎందుకు లేదు? ఆయనకి మీసాలున్నాయి."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ వారంలో అదే మొదటిసారి.

నిజానికి ఆమె వేలు ఒకసారి ఆ బటన్ దాకా వెళ్ళింది. షాపులో ఎవరూ లేరు. ఇన్నేళ్ళ చాకిరీకి ఇదా ఫలితం అని ఏడుపొచ్చింది. అంతలోనే తండ్రి నడుం కింద నుంచి దారం లాగుతున్న కూతురు కళ్ళముందు మెదిలింది. సిగ్గేసింది. ఫోను బోర్లించి, కత్తెర అందుకుంది.

ఓటింగులో నర్సు కూడా రాసింది: "ఆవిడ తప్పు ఒప్పుకున్నారు, నాకు కోపం లేదు. కానీ చదవకుండా తీసేసేవాళ్ళ చేతిలో బటన్ ఉండకూడదు. దిగిపొమ్మనే నా ఓటు." నర్సు స్థానంలో తనున్నా ఇదే రాసేదాన్నని గుండీలక్క అనుకుంది. కొద్దిపాటి తేడాతో ఓడిపోయింది.

ఆమె అధికారాలు తొలగించాల్సింది రెండో అడ్మిన్, లెక్కల టీచరమ్మ. సాయంత్రమైనా పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు పోలేదు. గుండీలక్కే ఫోన్ చేసింది.

"నావల్ల కాదక్కా. ఈ పని నేర్పిందే నువ్వు."

"నేర్పాను కదా, మరి చెయ్యి."

"రేపు చేస్తాలే."

"నియమంలో రేపు అని ఎక్కడైనా రాశానా? నొక్కవే తల్లీ. కచ్చాకుట్టు ఎప్పటికైనా విప్పేదే కదా, దానికింత ఏడుపా?"

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. గుర్తు పోయింది.

కాసేపు బాగా ఏడుస్తాననుకుంది గానీ ఏడుపు రాలేదు. హాయిగా నిద్రపట్టింది. మర్నాడు ఫోను జోలికి పోకుండా కుడితే, చెప్పిన వేళకే ప్యాంటు తయారైంది. తీసుకోవడానికి వచ్చినాయన నమ్మలేక, ఇది నాదేనా అని రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు.

మధ్యాహ్నం గుంపు తెరిచింది, మామూలు సభ్యురాలిగా. కొత్తగా చేరిన అమ్మాయెవరో కాలర్ ఒక పక్కకి లాగేస్తోందని బారెడు రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. గుండీలక్క మొదటినుంచి చివరిదాకా చదివింది, మళ్ళీ చదివింది. తిరకాసు ఫొటోలో లేదు, ఆ అమ్మాయి ఆఖర్న రాసిన ఒక్క మాటలో ఉంది. కాలర్ ముక్కను గుడ్డ నేతకు ఏటవాలుగా కత్తిరించానని రాసింది; అలా కోస్తే గుడ్డ సాగి ఓ పక్కకి లాగేస్తుంది. దాన్ని ఎలా సరిచేసుకోవాలో గుండీలక్క ఓపిగ్గా చెప్పింది.

వెంటనే జవాబు వచ్చింది. "చాలా థాంక్సండీ. నేను రాసిందంతా చదివినవాళ్ళు మీరొక్కరే. మీరు కూడా కొత్తగా చేరారా?"

"అవునమ్మా" అని రాసింది గుండీలక్క, "నిన్ననే."