కేంద్రం తరఫున

మా ఆయన పోయాక చాలాకాలం నాకు ఏడుపు రాలేదు. ఫిబ్రవరిలో ఆఫీసులోనే కుప్పకూలిపోయాడు. ఆస్పత్రికి చేర్చేసరికే అయిపోయింది. ఆ తర్వాత ఇక్కడ జర్మనీలో, హానోవర్‌లో చెయ్యాల్సిన పనులన్నీ చేశాను. ఒక్కో ఆఫీసుకూ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకున్నాను, సంతకాలు పెట్టాను, మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాను. మీటింగుల్లో అడిగినదానికి సరిగ్గానే జవాబు చెప్పేదాన్ని. అందరూ నేను గట్టిదాన్నన్నారు. గట్టితనమేమీ కాదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉండేది.

మా అమ్మాయి అప్పుడు పదకొండో తరగతి. వాళ్ళ బళ్ళో హిస్టరీ ఇంగ్లిష్‌లో చెప్తారు. మే నెలలో ఒక శనివారం పొద్దున నేను టమాటాలు తరుగుతుంటే కాగితాలు పట్టుకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, థర్స్‌డే డిబేట్ ఉంది. ప్రాక్టీస్‌కి నాకు ఎదురు ఎవరైనా మాట్లాడాలి."

ఇంతకుముందు ఆ పని వాళ్ళ నాన్నది. అన్నం దగ్గర అది ఏ మాటన్నా ఆయన అవతలి పక్షం తీసుకునేవాడు.

"దేని మీద?"

"అమెరికా. ఇంగ్లండ్‌తో వార్ అయిపోయింది. థర్టీన్ స్టేట్స్ ఉన్నయ్. స్ట్రాంగ్ సెంట్రల్ గవర్నమెంట్ పెట్టాలా, పవర్ స్టేట్స్ దగ్గరే ఉంచాలా. నాది స్టేట్స్ సైడ్. నువ్వు సెంటర్."

"నాకదంతా తెల్వదు బిడ్డా."

"చదువు. ఈజీనే," అని కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళింది.

మధ్యాహ్నం కూర్చుని చదివాను. యుద్ధం గెలిచాక ఆ రాష్ట్రాలను కలిపి ఉంచింది ఒక బలహీనమైన కాంగ్రెస్. సైనికులను పంపమని రాష్ట్రాలను అడగగలదు, పంపకపోతే ఏమీ చెయ్యలేదు. పన్ను వెయ్యలేదు. పక్క రాష్ట్రం సరుకు మీద కూడా సుంకాలు పడేవి. దీన్ని మార్చడానికి కొత్త రాజ్యాంగం తెస్తామంటే చాలామంది భయపడ్డారు. ఇప్పుడే ఒక రాజును వదిలించుకున్నాం, మళ్ళీ దూరాన ఇంకొకరిని నెత్తిన కూర్చోబెట్టుకోవాలా అన్నారు.

మర్నాడు ఇద్దరం బల్లకు చెరోవైపు కూర్చున్నాం. నేనే మొదలుపెట్టాను.

"ఎవరి నాణెం వాళ్ళది, ఎవరి సుంకం వాళ్ళదయితే అది దేశం ఎట్లయితది? రేపు ఎవడన్న దండెత్తి వస్తే పదమూడు రాష్ట్రాలు ఒకదాని మొఖం ఒకటి చూసుకుంటయా?"

"అమ్మా, నువ్వు ప్రాజెక్ట్ స్టేటస్ చెప్తున్నట్టు చెప్తున్నవ్."

"పాయింటు సరిగ్గ ఉన్నదా లేదా?"

"ఉంది." కాసేపు పెన్ను కొరికింది. "కానీ అంత దూరంలో కూర్చున్నవాళ్ళకి మా దగ్గర ఏం కావాలో ఎట్లా తెలుస్తది? మా వాళ్ళయితే రోడ్డు మీద ఆపి అడగొచ్చు."

ఆ మాట నేను చాలాసార్లు విన్నాను, అన్నాను కూడా. నాది వరంగల్, ఆయనది గుంటూరు. అప్పుడు హైదరాబాద్‌లో ఉండేవాళ్ళం, అమ్మాయి ఇంకా పాకుతుండేది. ప్రత్యేక రాష్ట్రం కావాలని నేను ఊరేగింపులకు వెళ్తే పిల్లను ఆయన చూసుకునేవాడు. నేను తిరిగొచ్చాక అన్నం వడ్డించి, అప్పుడు వాదన మొదలుపెట్టేవాడు. అది వేరే దేశం, వేరే గొడవ. అయినా అమ్మాయికి ఆ సంగతంతా చెప్పాను.

"అయితే నువ్వు నా సైడే కదా," అంది.

"ఆ. మీ నాన్న అవతల ఉండె."

"ఎవరు గెలిచేవాళ్ళు?"

"ఎవరూ గెలిచేటోళ్ళు కాదు. తెల్లారి లేచి ఇద్దరం ఆఫీసుకు పోయేటోళ్ళం."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. కాగితం తిప్పి, "నెక్స్ట్ పాయింట్," అంది.

గురువారం తల్లిదండ్రులు కావాలంటే రావచ్చన్నారు. సగం రోజు సెలవు పెట్టి వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. వాదన మొదలయ్యే ముందు టీచరమ్మ అందరిచేతా కొత్తగా చీట్లు తీయించింది, ఎవరు ఏ పక్షమో అక్కడికక్కడే తేలాలని. మా అమ్మాయికి కేంద్రం వచ్చింది. అది ఒకసారి నావైపు చూసి లేచింది.

నాణెం, సుంకం, దండెత్తి వచ్చే శత్రువు, అన్నీ నేను చెప్పినవే చెప్పింది. ఎదుటి పిల్ల దూరాన ఉండే ప్రభుత్వం గురించి బాగా నిలదీసింది. మా అమ్మాయి తొందరపడలేదు.

"నువ్వన్నది నిజమే. నాకూ ఆ భయం ఉంది," అంది ఇంగ్లిష్‌లో. "అందుకే ఆ అధికారానికి హద్దులు రాసుకుందాం. రాయాలన్నా ముందు అందరం ఒక గదిలో కూర్చోవాలి కదా."

ఎదుటివాళ్ళ మాట ముందు ఒప్పుకుని తర్వాత తన మాట చెప్పడం ఆయన పద్ధతి. అది నేను నేర్పింది కాదు. ఇప్పుడైనా నాలో ఏదో కదులుతుందని చూశాను. ఏమీ కదల్లేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను.

చివర క్లాసంతా చేతులెత్తి ఓటేసింది. కొద్ది ఓట్ల తేడాతో కేంద్రం ఓడిపోయింది.

ట్రామ్ స్టాపులో నిలబడ్డాక అడిగింది. "నాన్న ఉంటే ఏమనేవాడు?"

"నువ్వు చెప్పిందే కరెక్టనేటోడు. నువ్వు గెలిచుంటే మాత్రం తప్పని నిరూపించేదాక నిన్ను అన్నం తిననిచ్చేటోడు కాదు."

అప్పుడు అది ఏడ్చింది. నిలబడే, బ్యాగు భుజానికి ఉండగానే. దాని వీపు మీద చెయ్యి వేశాను. మా ట్రామ్ వచ్చి వెళ్ళిపోయింది, ఇద్దరం ఎక్కలేదు. నాకు అప్పటికీ ఏడుపు రాలేదు. ఎండకు దాని జాకెట్ వెచ్చగా ఉందని మాత్రం తెలిసింది. తర్వాతి ట్రామ్ వచ్చేదాకా చెయ్యి అక్కడే ఉంచాను.